సెకనుకో చుక్క: పాత ట్రావెలర్ ఇంజన్‌లో పంపు టైమింగ్

(ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థులకూ గ్యారేజీల నుంచి వచ్చిన మెకానిక్‌లకూ కలిపి, స్టాండు మీద ఇంజన్ ఎదురుగా పెట్టుకుని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకి రండి, చుక్క పడేది కనపడాలి. ఈ రోజు పాఠమంతా ఆ చుక్క చుట్టూనే. పంపు అంటే నాజిళ్ళకి డీజిల్ తోసే పంపు, టైమింగ్ అంటే అది ఏ క్షణాన తోయడం మొదలుపెడుతుందన్నది.

స్టాండు మీద ఉన్నది ఓఎం 616. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, ప్రీచాంబర్ ఇంజన్, అంటే డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకుంటుంది, టర్బో లేదు. మెర్సిడెస్ వాళ్ళు 1973లో 240డి కారుకి తెచ్చిన ఇంజన్ ఇది. పుణెలో బజాజ్ టెంపో, అంటే 2005 నుంచి మనం ఫోర్స్ మోటార్స్ అంటున్న కంపెనీ, లైసెన్సు మీద దీన్ని ఇక్కడే తయారు చేసి ట్రాక్స్‌లో, ట్రావెలర్‌లో పెట్టింది. పెళ్ళివాళ్ళనీ తిరుపతి యాత్రికులనీ మోసిన పాత ట్రావెలర్లు మీ షెడ్డుకి ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. వచ్చిన బండి ఓనరు చెప్పేది ఒకటే మాట: "పికప్ లేదు, పొగ వస్తోంది, టైమింగ్ చూడండి."

టైమింగ్ చూడమంటే చూడండి. కదపకండి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. పంపుని ఇంజన్‌కి పట్టి ఉంచే ఫ్లాంజ్ నట్లు మూడూ బిగిసి ఉంటే పంపు తనంతట తాను తిరగదు. ఇంకెవరూ ముట్టుకోని బండిలో టైమింగ్ మారిందంటే మారింది పంపు కాదు, దాన్ని నడిపే చెయిన్. లేదా టైమింగ్ అసలు మారనే లేదు, నాజిల్ పోయింది, డీజిల్ పైపుల్లోకి ఎయిర్ పడుతోంది, ఫిల్టర్ మూసుకుపోయింది. కారణం తెలియకుండా పంపు తిప్పితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పెట్టినట్టు. తర్వాత బండి చూసేవాడికి అసలు తప్పు దొరకదు.

అందుకని పానా పట్టేముందు చేయాల్సినవి చెబుతాను.

మొదట పొగ రంగు. చలి పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లగా, కళ్ళు మండేలా వస్తే కాలని డీజిల్. టైమింగ్ వెనకబడితే ఇలా వస్తుంది. హీటర్ ప్లగ్గులు పనిచేయకపోయినా, కంప్రెషన్ తగ్గినా ఇలాగే వస్తుంది. నల్ల పొగకి ముందు ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత నాజిల్. నీలం పొగ ఇంజన్ ఆయిల్, దానికీ పంపుకీ సంబంధం లేదు.

తర్వాత చప్పుడు. టైమింగ్ ముందుకి ఉంటే గట్టిగా కొట్టుకుంటుంది, నిజమే. కానీ ఒక్క నాజిల్ అంటుకుపోయి చుక్కలుగా కారుతున్నా అచ్చం అలాగే కొట్టుకుంటుంది. తేడా పట్టుకోవడం సులభం. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టు, 17 పానా, అర చుట్టు వదులు చేయండి. ఒక సిలిండర్ వదులు చేయగానే చప్పుడు ఆగిపోయిందా, ఆ నాజిల్ విప్పి టెస్టర్ మీద పెట్టండి. నాలుగింటిలో ఏది వదులు చేసినా మిగతా మూడూ అలాగే కొట్టుకుంటున్నాయా, అప్పుడు టైమింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఈ పని చేసేటప్పుడు నట్టు మీద గుడ్డ వేయండి, చేయి మాత్రం దగ్గర పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ కుళ్ళుతుంది. అలా జరిగితే పట్టీ వేసుకుని పనిలో కూర్చోకూడదు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ ఇంజన్‌కి నాజిల్ తెరుచుకోవాల్సింది సుమారు 115 బార్ దగ్గర. 100 కంటే కిందికి పడితే అది టైమింగ్ చూసే బండి కాదు, నాజిళ్ళు మార్చాల్సిన బండి. ఎందుకంటే నాజిల్ తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే డీజిల్ ముందే లోపలికి పోతుంది. పంపు సరిగ్గా ఉన్నా ఇంజన్‌కి అడ్వాన్స్ చేసినట్టే, అంటే టైమింగ్ ముందుకి జరిపినట్టే ఉంటుంది. అప్పుడు మీరు పంపు వెనక్కి తిప్పితే, రేపు కొత్త నాజిళ్ళు వేసిన రోజున బండి లాగదు.

వాల్వ్ గ్యాపులు చల్లటి ఇంజన్ మీద ఇన్‌లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. కంప్రెషన్ 22 నుంచి 24 బార్ ఉంటే బాగున్నట్టు. 15కి పడినా, సిలిండర్‌కీ సిలిండర్‌కీ 3 బార్‌కి మించి తేడా ఉన్నా ఆ ఇంజన్‌కి పంపు పని చేసి లాభం లేదు. ఆ మాట ఓనరుకి ముందే చెప్పేయండి.

ఇక చెయిన్. ఇది కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే చాలామంది దాటేసేది ఇక్కడే. వాల్వ్ కవర్ తీస్తే, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ముందు వాచర్ మీద ఒక గాటు, పక్కన బేరింగ్ టవర్ మీద ఒక గీత ఉంటాయి. క్రాంక్ బోల్టుకి 27 సాకెట్ పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పుతూ ఆ రెండూ కలపండి. ఇప్పుడు కింద క్రాంక్ పుల్లీ స్కేలు చదవండి. చెయిన్ కొత్తదైతే పాయింటర్ సున్నా దగ్గర, అంటే టీడీసీ (పిస్టన్ పై కొసకి వచ్చే చోటు) మీద ఉంటుంది. సాగిన చెయిన్ అయితే టీడీసీ దాటి 3, 4, 6 డిగ్రీలు చూపిస్తుంది. క్యామ్ అంత వెనకబడిందన్న మాట. పంపు గేరు క్రాంక్‌కి దగ్గర్లో, చెయిన్ బిగుతుగా లాగే వైపునే ఉంది కాబట్టి అదీ వెనకబడుతుంది, క్యామ్ కంటే కొంచెం తక్కువగా. కొద్ది డిగ్రీలైతే పంపు తిప్పి సరిచేయవచ్చు. బాగా సాగితే చెయిన్ మార్చాలి. సాగిన చెయిన్ తెగితే వాల్వులు పిస్టన్ మీద పడతాయి, పంపు టైమింగ్ గురించి మాట్లాడుకోవాల్సిన అవసరమే ఉండదు.

సరే. ఇవన్నీ చూశాం, అన్నీ బాగున్నాయి, అయినా అనుమానం ఉంది. ఇప్పుడు కొలుద్దాం.

ఏం కొలుస్తున్నామో ముందు మనసులో బొమ్మ కట్టుకోండి. ఇది ఇన్‌లైన్ పంపు, సిలిండర్‌కో ఎలిమెంట్. ఎలిమెంట్ అంటే ఒక గొట్టం, అందులో ప్లంజర్. రెంటికీ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు. మన వెంట్రుక మందం 60, 70 మైక్రాన్లు ఉంటుంది, లెక్క వేసుకోండి. ప్లంజర్ కింద ఉన్నప్పుడు గొట్టం పక్కనున్న రంధ్రం తెరిచి ఉంటుంది, డీజిల్ నిండుతుంది. పైకి లేస్తూ ప్లంజర్ పై అంచు ఆ రంధ్రాన్ని మూసిన క్షణం నుంచి లోపలి డీజిల్‌కి ఇంకో దారి లేదు, పైపులోకి పోవాల్సిందే. ఆ క్షణమే డెలివరీ మొదలు. ఈ ఇంజన్‌లో అది ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీకి 24 డిగ్రీల ముందు జరగాలి. టర్బో ఉన్నవాటికీ తర్వాత వచ్చిన మోడళ్ళకీ అంకె వేరు. మీ చేతిలో ఉన్న బండి మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే పెట్టాలి.

24 డిగ్రీలు ఎందుకంత ముందు? పైపులో ఒత్తిడి పెరగాలి, నాజిల్ సూది లేవాలి, డీజిల్ వేడెక్కి అంటుకోవాలి, వీటన్నిటికీ టైము కావాలి. ఐడిల్‌లో నిమిషానికి 750 చుట్లు అనుకుంటే 24 డిగ్రీలు తిరగడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతులు అయిదు, కాస్త ఎక్కువ. 3000 చుట్ల దగ్గర అది ఒకటిన్నరకి కూడా రాదు. అందుకే పంపు గేరులో స్పీడు పెరిగేకొద్దీ టైమింగ్‌ని ముందుకి జరిపే టైమర్ ఉంది. బరువులు, స్ప్రింగులు, అంతే. మనం ఇంజన్ ఆపి పెట్టేది మొదటి అంకె, మిగతాది టైమర్ చూసుకుంటుంది. ఆ టైమర్ అరిగి లూజైతే మీరు 24 ఎంత ఖచ్చితంగా పెట్టినా ఐడిల్ కుదురుగా ఉండదు.

పని మొదలు. బండి న్యూట్రల్, చక్రాలకి అడ్డు, బ్యాటరీ వైరు తీసేయండి. పంపు చుట్టూ డీజిల్‌తో, బ్రష్‌తో శుభ్రంగా కడగండి. వేడి పంపు మీద నీళ్ళు మాత్రం కొట్టొద్దు. బాడీ ఒక్కసారిగా చల్లబడి లోపల ఎలిమెంట్ పట్టేసే ప్రమాదం ఉంది. హీటర్ ప్లగ్గులు విప్పేయండి, అప్పుడు కంప్రెషన్ అడ్డు లేకుండా క్రాంక్ నిదానంగా తిరుగుతుంది. ఫ్లాంజ్ మీదా బ్లాక్ మీదా కలిపి సన్నటి గీత గీయండి. ఇది మర్చిపోయినవాడు తర్వాత చాలా బాధపడతాడు.

ఒకటో సిలిండర్ పైపు రెండు చివరలా విప్పి పక్కన పెట్టండి. పంపు మీద డెలివరీ వాల్వ్ హోల్డర్ విప్పండి. లోపల స్ప్రింగు, వాల్వు ఉంటాయి. ఆ రెండే తీయండి, సీటు అక్కడే ఉండాలి. తీసిన వాల్వుని శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేయండి, గుడ్డతో తుడవకండి, పీచు అంటుకుంటుంది. వాల్వు, సీటు జత, ఒకదానిది ఇంకోదానికి పెట్టకూడదు. హోల్డర్ మళ్ళీ పెట్టి దాని మీద స్వాన్ నెక్ పైపు బిగించండి. హంస మెడలా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. పాత పైపు కోసి కూడా చేసుకోవచ్చు, కానీ చివర బుర్రలు గీకి నున్నగా ఉండాలి, లేకపోతే చుక్క సరిగ్గా తెగదు.

ఇప్పుడు యాక్సిలరేటర్ లివర్ ఫుల్‌కి లాగి తీగతో కట్టేయండి. ఇంజన్ ఆపే స్టాప్ లివర్ లాగి ఉండకూడదు. దీనికి కారణం ఉంది. ప్లంజర్ పక్కన నిలువుగా ఒక గాడి ఉంటుంది. స్టాప్‌లో ఆ గాడి రంధ్రానికి ఎదురుగా వస్తుంది, ప్లంజర్ లేచినా డీజిల్ గాడిలోంచి జారిపోతుంది. అలాంటప్పుడు మీరు క్రాంక్ ఎంత తిప్పినా ధార ఆగదు, పంపు పాడైందనుకుంటారు.

ఒకరు హ్యాండ్ పంపు కొడుతూ ఉండాలి. లేదా పంపుకి ఒక మీటరు ఎత్తులో డీజిల్ డబ్బా కట్టి పైపు పెట్టుకోండి. నేను డబ్బాకే ఓటేస్తాను, ధార ఒకే తీరుగా వస్తుంది. ఒకటో సిలిండర్ క్యామ్ బుగ్గలు రెండూ పైకి చూస్తున్నాయంటే కంప్రెషన్ మీద ఉన్నట్టు. పుల్లీని టీడీసీకి 40 డిగ్రీల ముందుకి తెచ్చుకోండి. స్వాన్ నెక్ నుంచి ధార బాగా కారుతూ ఉంటుంది. ఇక్కడి నుంచి 27 సాకెట్‌తో వెంట్రుక వాసి చొప్పున తిప్పాలి. ధార సన్నబడుతుంది, దారమవుతుంది, తెగి చుక్కలవుతుంది. గబగబా పడే చుక్కలు నెమ్మదిస్తాయి. ఒక చుక్క పడి, మనసులో "ఒకటి" అనుకునేసరికి ఇంకో చుక్క. అంటే సెకనుకో చుక్క. అక్కడ ఆపండి. పూర్తిగా ఆగిపోయేదాకా తిప్పితే దాటిపోయినట్టే. ఇప్పుడు స్కేలు చదవండి.

దాటిపోతే వెనక్కి తిప్పొద్దు. వెనక్కి తిప్పితే చెయిన్ వదులు ఇటు వైపుకి వస్తుంది, మీరు చదివే అంకె అబద్ధం. ముందుకే రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ రండి. మూడుసార్లు కొలవండి. మూడూ ఒక డిగ్రీ లోపు కలిస్తేనే ఆ అంకెని నమ్మండి. 23, 24, 25లో ఏది వచ్చినా పంపు ముట్టుకోకుండా మూసేయండి. ఆ బండి జబ్బు వేరే చోట ఉంది.

అంకె 20 వచ్చిందనుకుందాం. నాలుగు డిగ్రీలు లేటు. పంపు షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి పంపు బాడీ తిప్పాల్సింది రెండు డిగ్రీలే. షాఫ్ట్ నడుమ నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో కొలిస్తే అది 1.7 మిల్లీమీటర్లు. చూశారా, ఎంత చిన్న కదలికో! సుత్తితో కొట్టి తిప్పేవాళ్ళు ఒక్క దెబ్బకి పదేసి డిగ్రీలు దాటిస్తారు.

తిప్పేముందు మిగతా మూడు పైపుల నట్లు పంపు దగ్గర వదులు చేయాలి, వెనక బ్రాకెట్ బోల్టు వదులు చేయాలి, ఫ్లాంజ్ నట్లు మూడూ, 13 పానా, వదులు చేయాలి. మూడో నట్టు పంపుకీ బ్లాక్‌కీ మధ్య దాక్కుని ఉంటుంది. అది బిగిసే ఉండగా పంపు లాగితే ఫ్లాంజ్ చెవి విరుగుతుంది. పంపు తలని ఇంజన్ వైపు నొక్కితే అడ్వాన్స్, బయటికి లాగితే రిటార్డ్, అంటే టైమింగ్ వెనక్కి. బట్టీ పట్టనక్కర్లేదు: షాఫ్ట్ తిరిగే దిశకి ఎదురుగా బాడీని తిప్పితే ప్లంజర్ ముందే లేస్తుంది. ఏ ఇన్‌లైన్ పంపుకైనా ఇదే సూత్రం.

తిప్పి, నట్లు బిగించి, మళ్ళీ రెండు చుట్లు తిప్పి, మళ్ళీ చుక్క చూడండి. బిగించేటప్పుడు కూడా పంపు కొంచెం జరుగుతుంది, అందుకే బిగించాక కొలిచిందే లెక్క. ఫ్లాంజ్ సందు చివరికి వచ్చినా 24 రాకపోతే పంపు దించి పళ్ళు మార్చి ఎక్కించాలి. అలా అయ్యిందంటే లోపల చెయిన్ పన్ను దూకిందేమో, ముందు పంపు ఎక్కించినవాడు మార్కులు కలపలేదేమో చూడండి.

మూసేటప్పుడు హోల్డర్ కింద రాగి వాచరు, దాని మీది ఓ రింగు రెండూ కొత్తవి వేయాలి. వాల్వు, స్ప్రింగు పెట్టి హోల్డర్‌ని 30 న్యూటన్ మీటర్లకి బిగించి వదలండి, మళ్ళీ 30కి బిగించి వదలండి, మూడోసారి 35కి బిగించండి. రాగి సమంగా కూర్చోవడానికే ఈ తంతు. టార్క్ రెంచ్ లేకుండా ఈ ఒక్క పని చేయకండి. ఎక్కువ బిగిస్తే ఎలిమెంట్ గొట్టం నొక్కుకుపోయి ప్లంజర్ పట్టేస్తుంది, డీజిల్ కొలత మార్చే ర్యాక్ కదలదు, ఇంజన్ రేసు పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే డీజిల్ కారుతుంది. పైపు నట్లు 25 న్యూటన్ మీటర్లు చాలు.

ఎయిర్ తీయడం మీకు తెలిసిందే. హ్యాండ్ పంపు కొట్టండి, నాజిల్ దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, నాలుగింటిలోనూ డీజిల్ ఉమ్మాక బిగించండి. సెల్ఫ్ మోటారు అర నిమిషానికి మించి ఆడించకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

"సార్, మా షెడ్డులో ఇంజన్ ఆన్‌లో ఉంచి చెవితో విని పంపు తిప్పుతారు. బాగానే నడుస్తాయి కదా?"

నడుస్తాయి తమ్ముడూ. చెవికి చప్పుడు తెలుస్తుంది, డిగ్రీ తెలియదు. చప్పుడు మెత్తబడేదాకా వెనక్కి తిప్పితే ఓనరు ఆ రోజు సంతోషిస్తాడు. ఆ తర్వాత ఘాటెక్కేటప్పుడు డీజిల్ ఆలస్యంగా కాలి వేడంతా ఎగ్జాస్ట్‌లోకీ నీళ్ళలోకీ పోతుంది, బండి వేడెక్కుతుంది, మైలేజీ పడుతుంది. రేడియేటర్ మార్చమని ఇంకొకరు చెబుతారు. పైగా చెవితో పెట్టేవాళ్ళకి నాజిల్ చప్పుడుకీ టైమింగ్ చప్పుడుకీ తేడా పట్టడం కష్టం.

"రెండు డిగ్రీలు ముందుకి పెడితే పికప్ వస్తుందని డ్రైవర్లు అడుగుతారు."

మొదట కొంచెం చురుగ్గా అనిపిస్తుంది. కానీ పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట లేచి దాన్ని ఎదురు తోస్తుంది. ప్రీచాంబర్ కొన కాలిపోతుంది, రింగులు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది. పన్నెండు మంది కూర్చున్న బండికి ఆ పని చేయకూడదు. డ్రైవరు అడిగినా సరే, కాదని చెప్పే హక్కు మెకానిక్‌కి ఉంది.

"చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్ట్ అవుతుంది, వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. టైమింగేనా?"

కాదు. ఎలిమెంట్లు అరిగాయి. వేడికి డీజిల్ పల్చబడి ప్లంజర్ పక్కనుంచి జారిపోతుంది, సెల్ఫ్ స్పీడులో ఒత్తిడి రాదు. ఒక గుర్తు: పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే అదే బండి స్టార్ట్ అవుతుంది. కిరోసిన్ కలిసిన డీజిల్ వాడిన బండ్లలో ఇది త్వరగా వస్తుంది, ఎందుకంటే ఆ ప్లంజర్‌కి నూనె పెట్టేది డీజిలే, కిరోసిన్‌లో ఆ జిగట లేదు. పంపు విప్పి, పంపులు పరీక్షించే బెంచ్ మీదకి పంపాలి. నాలుగు సిలిండర్ల మధ్య 90 డిగ్రీల పంపు ఫేజింగ్ (ఒక ఎలిమెంట్‌కీ తర్వాతిదానికీ ఎడం), డీజిల్ కొలత, స్పీడుని అదుపు చేసే గవర్నర్, ఇవన్నీ బెంచ్ మీదే చేయాలి. సీలు వేసిన స్క్రూలు షెడ్డులో తిప్పకండి.

"పుల్లీ మీద స్కేలు తుప్పు పట్టి ఒక్క అంకె కూడా కనపడకపోతే?"

మంచి ప్రశ్న. టీడీసీ గాటు మాత్రం ఎమెరీ కాగితం పెట్టి గీకితే కనపడుతుంది. పుల్లీ చుట్టూ దారం చుట్టి, దారాన్ని స్కేలు మీద పెట్టి కొలవండి. 540 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, 360తో భాగిస్తే డిగ్రీకి 1.5 మిల్లీమీటర్లు. 24 డిగ్రీలకి 36. పుల్లీ తిరిగే దిశలో, టీడీసీ గాటు కంటే ముందుగా పాయింటర్ దగ్గరికి వచ్చే వైపున, గాటు నుంచి 36 మిల్లీమీటర్లు కొలిచి తెల్ల పెయింటుతో గీత పెట్టండి. అటూ ఇటూ 3 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో రెండు గీతలు పెట్టుకుంటే రెండేసి డిగ్రీల తేడా కూడా కంటికి తెలుస్తుంది. వైపు తప్పితే 24 ముందు కాస్తా 24 తర్వాత అవుతుంది, అందుకని గీత పెట్టాక ఇంజన్ ఒక చుట్టు తిప్పి, పాయింటర్‌కి ముందు పెయింటు గీత, తర్వాత గాటు వస్తున్నాయో లేదో చూసుకోండి.

స్టాండు ఇంజన్ మీద పంపు కావాలనే తప్పుగా పెట్టి ఉంచాం. ఎంత తప్పో చెప్పను. ఇద్దరు రండి, ఒకరు 27 సాకెట్ పట్టుకోండి, ఒకరు స్కేలు చదవండి. మిగతావాళ్ళంతా స్వాన్ నెక్ మీదే చూపు ఉంచండి, ఆపమని చెప్పాల్సింది మీరే.